మూడు రోజులు ముందే రాసిన వార్త

మా వాడ పేపర్ సారు పోయారు. సోమవారం మధ్యాహ్నం హైదరాబాద్ బస్సు వచ్చి ఆగింది. క్లీనరు ఎప్పటిలాగే టాపు మీది నుంచి పేపర్ల కట్ట కిందికి విసిరి "సారూ" అని కేకేశాడు. ఇరవై ఏళ్లుగా ఆ కేకకు పలికినాయన గంట కిందటే మంచంలో కళ్లు మూశారని వాడికి తెలియదు. కట్ట దుమ్ములో పడి ఉంది. హోటల్ చాచా వచ్చి దాన్ని ఎత్తుకొని, "సారు ఇగ లేడు బేటా, పిలువకు" అన్నాడు.

ఆ కబురు శుక్రవారం పేపర్లో పడింది. ఎడమ పక్క అడుగున, చుట్టల ప్రకటనకు పైన, మూడే వాక్యాలు. ఆదిలాబాద్‌లో తమ విలేకరి మరణించారన్నది మొదటిది. తక్కిన రెండూ జిన్నింగు మిల్లు యజమానులవి. పారిశ్రామిక శాంతికి సారు చేసిన సేవ మరపురానిదనీ, ఆ సేవను తలచుకొని యాజమాన్యం సంతాపం తెలిపిందనీ రాశారు. చదివి నేను నవ్వాను. నవ్వి నవ్వి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ సేవ ఏమిటో యజమానుల తర్వాత బాగా తెలిసినవాణ్ని నేనే. అందుకే ఈ కాగితం ముందు కూర్చున్నాను.

చదివేవాళ్లు ఒక్కటి మన్నించాలి. చావు గురించి రాసేవాడు ఏడుస్తూ రాయాలంటారు. మా ఇంట్లో సంబరంగా ఉంది. మా బిడ్డకు సర్కారు బడిలో పంతులమ్మగా ఆర్డరు వచ్చింది. దారిన పోయేవాళ్లను ఆపి చెప్తున్నాను, అడగనివాళ్లకు కూడా. కూరగాయలమ్మే ఆమె "నిన్న గూడ చెప్పినవు తాతా, వంకాయలు తీస్కుంటవా లేదా" అన్నది. అయినా చెప్తాను. అరవై దాటినవాణ్ని, ఆ మిల్లులో ఇరవై సీజన్లు దూది మింగినవాణ్ని, నిజాం జమానాలో ఉర్దూ మూడో జమాత్ చదివినవాణ్ని. అలాంటివాడి ఇంట్లో పంతులమ్మ పుట్టింది. కాదు, పుట్టలేదు, తయారైంది. తయారు చేసినాయన సోమవారం పోయారు. మా బిడ్డ నోటి ముందటి బువ్వ తీసినాయన కూడా ఆయనే. రెండూ ఒక్క మనిషి చేసిన పనులే. రెండూ చెప్పకపోతే నేను కూడా ఆ పేపరోడినే అవుతాను.

సారు ఊరికి పేపరు తెచ్చే ఏజెంటు, ఊరి సంగతులు పేపరుకు రాసే విలేకరి. రెండు పనులకూ ఒక్కటే సైకిలు. భార్య ఎప్పుడో పోయింది, పిల్లలు లేరు. మిల్లు గేటు ఎదురుగా చాచా చాయ్ హోటల్ ఉంది. మేము పని దిగి అక్కడ చేరితే ఆయన పేపరు చదివి వినిపించడం మా దగ్గర రివాజు. అచ్చు తెలుగు మాకు సగం ఎక్కేది కాదు. ఆయన చదివి మళ్లీ మా మాటలో చెప్పేవారు. మహారాష్ట్ర వైపు నుంచి వచ్చినవాళ్ల కోసం మరాఠీలో ఒక ముక్క, చాచా కోసం ఉర్దూలో ఒక ముక్క. చదివే ముందు పేపరు మడత విప్పి ముక్కుకు ఆనించుకునేవారు. "సిరా ఆరకముందే సదవాలె. ఆరినంక అబద్ధం గట్టిపడతది" అనేవారు. మేము నవ్వేవాళ్లం. ఆ మాట మా మీదికే వస్తుందని ఎవరికి తెలుసు.

ఆయన పని తీరు కాస్త చెప్పాలి. టెలిగ్రాం ఇవ్వడానికి పేపరువాళ్లు ఒప్పుకునేది రెండింటికే, హత్యకూ మంత్రికీ. మిగతావన్నీ టపాలో పోవాలి. గురువారం టపాలో వేస్తే శనివారం హైదరాబాద్ చేరేది. ఆదివారం అచ్చయ్యేది. సోమవారం బస్సులో మా ఊరికి తిరిగి వచ్చేది. జరిగినాక రాస్తే వార్త పాచిపోయిందని అవతల పారేసేవారు. అందుకని సారు జరగబోయేది ముందే రాసి పంపేవారు. జాతర మొదలుకాకముందే వైభవంగా ముగిసిందని రాసేవారు. చిన్న ఊళ్ల విలేకరులందరూ అంతే, తప్పనుకునేవారు కాదు. ఒకసారి మంత్రికి ఘనస్వాగతమని రాసి పంపారు. ఆ మంత్రి కారు వానకు నిర్మల్ ఘాటు ఎక్కలేక అటునుంచి అటే తిరిగిపోయింది. పేపర్లో మాత్రం మంత్రి మా ఊళ్లో దండలు వేయించుకొని, ఉపన్యాసం ఇచ్చి, పిల్లలకు పలకలు పంచి వెళ్లాడు. చాచా ఆ పేపరు గోడకు అంటించాడు. "సారూ, మంత్రిగారు మల్ల ఎప్పుడు రాకుండ పోతరు" అని ఏడాదిపాటు అడిగాము.

హైదరాబాద్ రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ అయిన తర్వాత రెండో పత్తి సీజన్. మా ఇంటామెకు చలిజ్వరం. ఆమె మిల్లులో పత్తి నుంచి గింజ విడదీసే జిన్ను మిషన్ల ముందు కూర్చుని రోలర్లకు పత్తి అందించేది. పని మానితే మేస్త్రీ ఆమె హాజరు బిళ్ల ఇంకొకరికి ఇచ్చేస్తాడు. అందుకని ఇంట్లో వేరొకరు ఆ బిళ్ల మీద పోయి పని చేసి రావడం ఉండేది. దాన్ని బదలీ అనేవాళ్లం. మా బిడ్డకు పదమూడేళ్లు. వాళ్లమ్మ బిళ్ల మెళ్లో వేసుకొని పోయింది. మూడో రోజు కుడిచెయ్యి పత్తితోపాటు రోలరు కిందికి పోయింది. బొటనవేలు మిగిలింది. నాలుగు వేళ్లు దూదిలో కలిసి అవతలికి పోయాయి. మిషను ఆపలేదు. ఎర్రగా వచ్చిన దూదిని ఏరి పక్కన పెట్టమని మేస్త్రీ చెప్పాడు.

నేను మేనేజరు దగ్గరికి పోయాను. ఆయన రిజిస్టరు తెరిచి మా ఇంటామె పేరు మీద వేలు పెట్టాడు.

"గీమెనే గద మా కూలీ. గీమె చెయ్యి ఏమైంది?"

"ఏం కాలే సేఠ్."

"రిజిస్టర్ల ఉన్న చెయ్యి మంచిగనే ఉన్నది. లేని చెయ్యికి నన్ను అడుగుతవేంది?"

అక్కడి నుంచే సమ్మె పుట్టింది. రెండే అడిగాము. రోలర్ల ముందు ఇనుప జాలి పెట్టాలి. మా బిడ్డకు బతికినన్నాళ్లు కూర్చుని చేసుకునే పని ఇవ్వాలి. మగవాళ్లు, ఆడవాళ్లు అందరూ బయటికి వచ్చారు. కొందరు తిండికి తట్టుకోలేక జైనథ్, బేల, తాంసి వైపు సొంత ఊళ్లకు పోయారు. మాట కుదిరేదాకా తిరిగి రామని చెప్పి పోయారు. గేటు ముందు మేము కూర్చున్నాము.

సారు ప్రతి రోజూ వచ్చి చూసి రాశారు. బిడ్డ చెయ్యి గురించి నిండా ఒక కాగితం రాసి మాకు చదివి వినిపించి మరీ టపాలో వేశారు. పేపర్లో వచ్చింది ఇది: జిన్నింగు సమ్మె వలన పత్తి బండ్లు నిలిచిపోయినవి. గేటు ముందు పోలీసులు కొట్టినప్పుడు ఒక ముసలాయన దవడ విరిగింది. పేపర్లో స్వల్ప ఉద్రిక్తత అని వచ్చింది. సారు చదువుతుంటే ఆ ముసలాయన గుడ్డ కట్టుకున్న దవడతో వింటున్నాడు. మాట్లాడలేక, స్వల్పమంటే ఎంత అని రెండు వేళ్లు చూపించి అడిగాడు. అందరం నవ్వాము. ఆకలిమీద ఉన్నవాళ్ల నవ్వు ఎట్లా ఉంటుందో తెలిసినవాళ్లకే తెలుసు.

పదిహేను రోజులు దాటాక ఒక గురువారం తహసీలు కచేరీలో మమ్మల్ని మాటలకు కూర్చోబెట్టారు. మేనేజరు దిగివచ్చాడు. "జాలి పెడ్తం. పిల్లకు గింజలేరే పని ఇస్తం. శనివారం సంతకం" అన్నాడు. అంతా విని బయటికి వచ్చాము. ఆ సాయంత్రం సారు టపాకు వార్త రాశారు. సమ్మె గెలిచింది, విరమించారు, జాలి పెడుతున్నారు, చెయ్యి పోయిన పిల్లకు పని ఇస్తున్నారు. శనివారం సంతకం కాగానే ఆదివారం అచ్చయి ఉంటుందని ఆయన లెక్క.

శనివారం మేనేజరు రాలేదు. బొంబాయి పోయాడన్నారు.

సోమవారం కట్ట దిగింది. సారు విప్పి, ముక్కుకు ఆనించుకోకుండానే మడిచేశారు. చాచా లాక్కొని నా చేతిలో పెట్టాడు. నాకు అప్పటికి తెలుగు రాదు. తిరిగి సారు చేతికే ఇచ్చి చదవమన్నాను. ఆయన రాసిన పదిహేను వాక్యాల్లో మూడు మిగిలాయి.

"ఆదిలాబాదు జిన్నింగు కార్మికులు తమ సమ్మెను విరమించుకొనిరి. మిల్లు యథావిధిగా పనిచేయుచున్నది. పత్తి వర్తకులు హర్షము వెలిబుచ్చిరి."

జాలి లేదు. పిల్ల లేదు. గెలుపు లేదు. బొంబాయి పోయాడన్న మేనేజరు ఊళ్లోనే తేలి, బజారులో దొరికినన్ని పేపర్లు కొని మనుషులకిచ్చి ఊళ్లకు పంపాడు. జైనథ్‌లో పట్వారీ చదివాడు, బేలలో కోమటాయన చదివాడు. అచ్చయిన మాట కదా. మంగళవారం పొద్దున మా వాళ్లు బండ్ల మీద, కాలినడకన వచ్చి గేటు ముందు వరుసగా నిలబడ్డారు. మేము అడ్డం పడి "సంతకం కాలే, వాపస్ పోండ్రి" అని మొత్తుకున్నాము. "పేపర్ల వచ్చింది గదనే, నీ ఒక్కనికే ఎర్కలేదా" అని నన్నే తోసుకుంటూ లోపలికి పోయారు. మధ్యాహ్నానికి రోలర్లు తిరిగాయి. సాయంత్రానికి నాతోపాటు పదకొండు మంది బిళ్లలు లాక్కున్నారు. మా ఇంటామె బిళ్ల కూడా.

అప్పుడు నేను చేసింది చెప్తాను. ఆ సాయంత్రం హోటల్లో సారు కాలరు పట్టుకొని బెంచీ మీద నిలబెట్టాను. అంతవరకు ఆయన్ని మీరు అనేవాణ్ని.

"సదువు నువ్వు."

చదివారు.

"హర్షము అంటే ఏంది?"

"సంతోషం."

"ఎవలికి?"

"వర్తకులకు."

"నా బిడ్డకు?"

ఆయన తల దించుకున్నారు. నేను తల ఎత్తమన్నాను. ఆ రోజుతో ఆపలేదు. కొత్త పేపరు ఏది వచ్చినా ముందు ఆ పాత పేపరు చదవాలని కట్టడి పెట్టాను. బిళ్లలు పోయినవాళ్లం ఈలలు వేసేవాళ్లం, చప్పట్లు కొట్టేవాళ్లం, వెనక ఉన్నవాళ్లకు ఇనరాలేదని మళ్లీ చదివించేవాళ్లం. ఒకరోజు ఆయన జ్వరంతో సైకిలు మీద ఒరిగి వచ్చారు. చాచా "ఈపొద్దు ఇడిసిపెట్టు భాయ్, మనిషి కాలిపోతుండు" అన్నాడు. నేను "రోలరు ఇడిసిపెట్టిందా" అన్నాను. సారు వణుకుతూ మూడు వాక్యాలూ చదివి, బెంచీ దిగి, వాంతి చేసుకున్నారు. నేను నవ్వాను. దాచను. నాకు ఆ నవ్వులో హాయి ఉండేది. పొద్దంతా మార్కెట్టులో మూటలు మోసి, ఆ హాయి కోసమే హోటలుకు పోయేవాణ్ని.

ఆయన ఎందుకు వచ్చేవారు? రాకపోతే ఎవరమూ ఇంటికి పోయి లాక్కువచ్చేవాళ్లం కాము. సీజను ముగిసేదాకా, అంటే దగ్గర దగ్గర నాలుగు నెలలు, ఒక్కరోజు తప్పలేదు.

మా ఇంటామె కూలికి పోవడం మొదలుపెట్టింది కాబట్టి బిడ్డను నేనే వెంట తిప్పుకునేవాణ్ని. హోటల్ ముందు ఖాళీ గోనెసంచుల మీద కూర్చునేది, చెయ్యి గుడ్డలో చుట్టుకొని. ఒక సాయంత్రం సారుకు రెండో వాక్యం దగ్గర దగ్గు పట్టింది. ఆగలేదు. సంచుల మీది నుంచి సన్నని గొంతు అందుకుంది. "మిల్లు యథావిధిగా పనిచేయుచున్నది. పత్తి వర్తకులు హర్షము వెలిబుచ్చిరి."

అందరూ గొల్లుమన్నారు. "నీ బిడ్డ విలేకరి ఐంది పో" అన్నాడొకడు. సారు నవ్వలేదు. బెంచీ దిగి వచ్చి దాని ముందు కూర్చున్నారు. పేపరు నేల మీద పరిచి ఒక మాట కింద వేలు పెట్టారు.

"గిదేంది బిడ్డా?"

అది నోట్లో వరస అనుకొని, మాటలు లెక్కబెట్టుకొని, "పత్తి" అన్నది.

"గిది?"

"వర్తకులు."

"దీంట్ల 'కు' యాడున్నదో సూపెట్టు."

చూపెట్టింది. అట్లా మా బిడ్డ తెలుగు చదవడం నేర్చింది ఆ అబద్ధంలో. వేరే వాచకం లేదు. మూడు వాక్యాలూ అయిపోయాక ఆయన పక్క వార్తకు తీసుకుపోయారు, ఆ తర్వాత ఇంకో పేజీకి. నేను చూస్తూ ఊరుకున్నాను. నా కోపం తగ్గి కాదు. ఇన్నాళ్లుగా అది ఒక్కరోజు కూడా గుడ్డలోంచి చెయ్యి బయటికి తీయలేదు. ఆ రోజు అక్షరం చూపెట్టడానికి తీసింది, మిగిలిన ఆ బొటనవేలుతో.

చదువు చెప్పడంలో ఆయనకు దయ లేదు. ఎడమచేత్తో రాయలేక పలక విసిరికొడితే మళ్లీ తెచ్చి ముందర పెట్టేవారు. "పోయింది చెయ్యి, నెత్తి గాదు. రాయి" అనేవారు. అది ఏడిస్తే ఏడుపు అయ్యేదాకా గడియారం చూసుకుంటూ కూర్చునేవారు. "ఐపోయిందా? ఇగ రాయి." మా ఇంటామె గుమ్మంలో నిలబడి శాపనార్థాలు పెట్టేది. సారు ఆమెకు దండం పెట్టి మళ్లీ పలక వైపు తిరిగేవారు.

పెద్దదైన కొద్దీ దానికి పేపరు చదివే విద్య వేరేగా నేర్పారు. మా వాకిట్లో కూర్చుని ఇద్దరూ చేసే గొడవ నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

"బొగ్గుబాయి కాడ ఉద్రిక్తత అని రాసిన్రు. అంటే ఏమైందే?"

"కొట్టిన్రు సారూ."

"ఎవల్ని?"

"రాయలేదంటే మనోళ్లనే."

"ప్రజలకు అసౌకర్యమట?"

"సేఠ్ లారీ ఆగింది."

"బయటి శక్తులు?"

"మా బాపు."

సారు అప్పుడు మాత్రం నవ్వేవారు. "అచ్చయిన మాటకు కాళ్లుంటయి బిడ్డా, తప్పైంది, వాపస్ తెస్తనంటే రాసినోనికి ఉండయి" అన్నారొకసారి. అది ఆయన సొంత బాధ. సమ్మె వార్త పడిన ఆ సోమవారమే ఆయన సవరణ రాసి పంపారు, సమ్మె విరమించలేదని, సంతకం కాలేదని. అచ్చు కాలేదు. వారం వారం పంపారు. తర్వాత ఏడాదికొకటి పంపారు, పత్తి సీజను మొదలైన రోజున. ఒకే ఒక్కసారి పేపరాఫీసు నుంచి కార్డు వచ్చింది. పాత వార్తలకు సవరణలు వేయము, దీపావళి ప్రకటనలు త్వరగా పంపగలరు, అని. ఆ ప్రకటనల్లో అందరికంటే పెద్దది ఎవరిదో చెప్పక్కర్లేదు. ఆ ఏటి నుంచి మిల్లు ప్రకటన తేవడానికి సారు పోలేదు. మిల్లు వాళ్లే నేరుగా పంపుకున్నారు. ప్రకటన పడింది. సవరణ పడలేదు.

బిడ్డ ఏడో తరగతి ప్రైవేటుగా కట్టింది, తర్వాత మెట్రిక్, ఆ తర్వాత ట్రెయినింగు. నాకు తెలుగు అక్షరాలు అదే నేర్పింది. ఈ రాత దాని భిక్షే. ఆఖరున డాక్టరు సర్టిఫికెట్టు కావాలన్నారు. పెద్దాసుపత్రిలో డాక్టరు దాని కుడిచెయ్యి తిప్పి చూసి, దీంతో నల్లబల్ల మీద ఎట్లా రాస్తావని అడిగాడట. "రాయను సార్, గిదాంతోని పట్టుకుంట, ఎడమచేత్తో రాస్త" అని ఆయన కాగితం ఆ బొటనవేలు కింద నొక్కిపెట్టి, ఆయన పేరే ఎడమచేత్తో గుండ్రంగా రాసి చూపించిందట. డాక్టరు సంతకం పెట్టాడు. ఆ మాట చెప్పుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. ఎన్నిసార్లు చెప్పమన్నా చెప్తాను.

ఆర్డరు సారు పోయే ముందటి గురువారం వచ్చింది. బిడ్డ బజారులో ఉంది. నేను ఆగలేదు. కాగితం పట్టుకొని సారు ఇంటికి ఉరికాను. ఆయన నాలుగు రోజులుగా జ్వరంతో మంచం దిగలేదు, పేపర్ల కట్ట చాచానే ఎత్తుకొస్తున్నాడు, కళ్లకు పొరలు కమ్మి చూపు ఎప్పుడో మందగించింది.

"సారూ, మీరు ఇనుండ్రి" అన్నాను. పదేళ్ల తర్వాత నా నోట మీరు అన్న మాట వచ్చింది. ఆయన గమనించారో లేదో.

కూడబలుక్కుంటూ మొత్తం చదివాను. విన్నాక ఆయన అడిగింది ఒక్కటే.

"సంతకం ఐందా?"

"ఐంది సారూ."

"ముద్ర?"

ఆయన వేలు పట్టుకొని ముద్ర మీద పెట్టాను. అక్కడే ఉంచి చాలాసేపు తడిమారు. ఆయన వేలు అలా వెతుకుతూనే ఉంది. పదేళ్లుగా గొంతు దాటనిది దాటింది.

చదివేవాళ్లారా, సమ్మె నాటి ఆ గురువారం సాయంత్రం ఏం జరిగిందో నేను ఇంతవరకు సగమే చెప్పాను. తహసీలు కచేరీ నుంచి గంతులు వేసుకుంటూ హోటలుకు వచ్చింది నేను. సారు "సంతకం కానీ, శనివారం రాస్త" అన్నారు. "గట్లయితే వార్త బుధవారం దాకా రాదు. ఊళ్లల్ల మనోళ్లు ఉపాసం ఉన్నరు, నా బిడ్డకు పని దొరికింది, రాయుండ్రి సారూ, ఇప్పుడే రాయుండ్రి" అని చెయ్యి పట్టుకొని బతిమాలింది నేను. కలం తీసి చేతికిచ్చింది నేను. చాచా అప్పుడు లోపల పొయ్యి దగ్గర ఉన్నాడు. వేరే ఎవరూ లేరు. సారు రాశారు. నా సంబరమే ఆయన చేత రాయించింది. ఆ తర్వాత నాలుగు నెలలు నేనే ఆయన్ని బెంచీ ఎక్కించాను. ఎక్కించినప్పుడల్లా ఆయన ఒక్క మాట అంటే చాలు, బెంచీ మీద నేను ఉండేవాణ్ని. అనలేదు. నేను ఈలలు వేస్తుంటే నా కళ్లలోకి చూసి చదివారు.

మంచం పక్కన కూర్చుని ఆ మాటే అన్నాను. "ఆ దినం రాయమన్నది నేనే గద సారూ."

"నాకెర్కలేదా" అన్నారు. "రాసిన చెయ్యి నాది గద."

 మన్నించానని అనలేదు. నేను అడగలేదు.

సోమవారం సాయంత్రం పాడె మోసిన నలుగురిలో నేనొకణ్ని. దారి మిల్లు గేటు ముందు నుంచే. అప్పుడే పని దిగి కొత్త కూలీలు బయటికి వస్తున్నారు. ఒకడు "ఎవలే" అన్నాడు. ఇంకొకడు "గా సమ్మె ఇరగ్గొట్టిన పేపరాయన" అని కాండ్రించి పక్కకు ఉమిసి, అయినా చావు కదా అని తలగుడ్డ తీసి నిలబడ్డాడు. నేను ఆగి చెప్పి ఉండవచ్చు. భుజం మీద ఆయన ఉన్నారు, ఎదురుగా మనుషులు ఉన్నారు.  నడిచిపోయాను. అక్కడ చెప్పలేనిది ఇక్కడ రాశాను. పేపరువాళ్లు వేయని సవరణ ఇదేననుకోండి. పాత వార్తే, పదేళ్ల పాతది. అయినా వేసుకోండి. సమ్మె విరమించింది కార్మికులు కాదు. తొందరపడింది ఆయన ఒక్కరూ కాదు.

బిడ్డ మరునాడే పనిలో చేరాలి. దుఃఖానికి సెలవు లేదు. చేరింది. బడి మా మిల్లు వాడలోనే, రేకుల కప్పు, ఒక గది. నేను ఉండబట్టలేక వెనకాలే పోయి కిటికీ దగ్గర నిలబడ్డాను. హెడ్మాస్టరు ఇచ్చిన హాజరు పుస్తకం బల్ల మీద ఉంది. మా బిడ్డ దాన్ని తెరవలేదు.

"పేర్లు తర్వాత పిలుస్త. ముందుగాల అందరు రెండు చేతులు లేపుండ్రి" అన్నది.

పిల్లలు ఒకరినొకరు చూసుకొని చేతులు లేపారు. అది వరసల మధ్య నుంచి మెల్లగా నడుస్తూ ఒక్కొక్క చెయ్యి చూస్తూ పోయింది. వెనక వరసలో ఒక ఆడపిల్ల లేపిన చేతుల వేళ్ల సందుల్లో తెల్లగా దూది ఇరుక్కొని ఉంది. అక్కడ ఆగింది. ఆ పిల్ల భయపడి చేతులు దించబోయింది.

"దించకు" అన్నది మా బిడ్డ.